కూల్డ్రేగారు చూచిన గోదావరి

పొట్టకూటికై దూరదేశములకు పోవుట మన గోదావరి మండలములవారికి క్రొత్త గాదు. తాతలనాడు రంగం పోయి వచ్చినవారు లేని ఊరు ఈ డెల్టాలో అరుదు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధమున మన పట్టభద్రులు కొందరు ఇథియోపియా మొదలగు ఆఫ్రికా దేశములలో ఉపాధ్యాయులైరి. నేడు తణుకులో, బిడ్డలు విదేశములలో నున్న ఇండ్లు ప్రతి పేటలోను కానవచ్చును. వారిలో ఆంగ్లభాషాబోధనమే వృత్తిగా గైకొని పోవువారును కలరు. "పాఠము చెప్పుట కష్టము గాదండీ, పాఠమైన పిమ్మట సాయంకాలము గడపుటయే కష్టము" అని అట్టివారు మాతో చెప్పియున్నారు.

ఈ సాయంకాలపు కష్టమును గూర్చి యోచించినపుడెల్ల, ఎదురు దిక్కునుండి మన యొద్దకు వచ్చిన యొక ఉపాధ్యాయుడు మాకు జ్ఞప్తికి వచ్చును. ఆయన ఇంగ్లండునుండి గోదావరి ఒడ్డునకు ఆంగ్లము బోధింప వచ్చినవారు. పేరు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే.

కూల్డ్రేగారు 1882లో జన్మించిరి. వారి ఊరు థేమ్సు నది ఒడ్డున నున్న ఆబింగ్డన్ అను చిన్న పట్టణము. 1909లో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిరి. వచ్చిన కాలము మంచిది గాదు. అంతకు రెండేండ్లు పూర్వము, 1907లో, బిపిన్ చంద్రపాల్‌గారి ఉపన్యాసములు ఆ పట్టణమును కదలించివేసినవి. వందేమాతరమన్నందుకు విద్యార్థులు శిక్షలకు గురియైరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చదువే కోల్పోయిరి. దొర యనగా దండించువాడని విద్యార్థులును, విద్యార్థి యనగా తిరుగబడువాడని దొరలును తలచుచుండిన దినములవి.

అట్టి వేళ సీమనుండి వచ్చిన ఉద్యోగికి సులువైన మార్గమొకటి కలదు. బంగళా, కళాశాల, క్లబ్బు - ఈ మూడింటి నడుమ పదేండ్లు గడపి, పింఛను పుచ్చుకొని పోవచ్చును. అట్లు పోయినవారెందరో కలరు. వారి పేర్లు మనకు తెలియవు. కూల్డ్రేగారు కవి, చిత్రకారుడు. చిత్రకారునకు చుట్టును చూడక తప్పదు గదా! నదియు, కొండలును, పల్లెలును ఆయనకు పాఠ్యగ్రంథములైనవి.

ఆనాటి డెల్టాను ఒక్కసారి మనస్సునకు తెచ్చుకొనుడు. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక బాటలై యుండెను. విజ్జేశ్వరము తలుపులు దాటి పడమటి డెల్టాలోనికి ప్రవేశించిన నీటిమీద ధాన్యపు బస్తాలు, సంతకు పోవువారు, పెండ్లివారు సహితము పడవలలో సాగుచుండిరి. గట్టున మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండ పడవ మెల్లగా కదలును. త్వరపడువానికి ఆ ప్రయాణము విసుగు. చూడవచ్చినవానికి అంతకంటె మేలైన బడి లేదు.

కూల్డ్రేగారు తాము చూచుటతో తృప్తిపడక, చూచుట యెట్లో శిష్యులకు నేర్పిరి. దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరముననే జన్మించిన పిల్లవాడు. అతనికి చదువుకంటె బొమ్మలమీదనే మనస్సు. మరియొక ఉపాధ్యాయునకు అది దోషముగా తోచియుండును. కూల్డ్రేగారికి గుణముగా తోచినది. ఆయన ప్రోత్సాహముతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పోయెను. పాశ్చాత్యుల పద్ధతి నేర్చుకొన్నను, తన నదిని, తన మనుష్యులను చిత్రింపుమన్న గురువు మాట అతడు మరువలేదు. అతని 'ఋష్యశృంగ బంధనము' 1922లో కలకత్తాలో బహుమతి పొందినది. తిరిగి వచ్చి రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల నెలకొల్పెను. 1925లో, ఇరువదియెనిమిదేండ్లైనను నిండకుండ, మశూచికము అతనిని తీసికొనిపోయినది.

భీమవరమున జన్మించిన అడివి బాపిరాజుగారును ఈ గురువు శిష్యులే. కుంచెను, కలమును ఏకరీతిగా పట్టిన బాపిరాజుగారి 'నారాయణరావు' నవల చదివినవారికి, గోదావరిసీమ ఇండ్లను, తోటలను అంత ప్రేమతో చూచు కన్ను ఎచ్చట తెరువబడినదో తెలియగలదు. కవికొండల వెంకటరావుగారును ఆ కోవలోనివారే.

పదేండ్లు గడచినవి. కూల్డ్రేగారికి వినికిడి తగ్గసాగెను. విద్యార్థి అడిగిన ప్రశ్న చెవిని పడని ఉపాధ్యాయునకు తరగతి గది ఎట్లుండునో శ్రోతలు ఊహింపగలరు. 1919లో ఆయన ఉద్యోగము చాలించుకొని ఆబింగ్డన్ చేరిరి. మరుసటి యేడు ప్రకటించిన కవితాసంపుటికి 'థేమ్స్ అండ్ గోదావరి' అని పేరు పెట్టిరి. 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అను గ్రంథమున మన సీమలోని తమ జీవితమును వర్ణించిరి. 1958లో స్వర్గస్థులైరి. అప్పటికి రామారావు పోయి ముప్పదిమూడేండ్లు, బాపిరాజు పోయి ఆరేండ్లు. గురువు ఈ యిరువురు శిష్యులకంటె ఎక్కువకాలము బ్రతుకవలసి వచ్చినది.

ఆయన పాలకజాతివాడు, పెద్ద జీతగాడు, అతనితో మనకు పోలిక యేమని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పరదేశమునకు పోవు మన ఉపాధ్యాయునకు వెనుక సామ్రాజ్యము లేదు. ముందు ఒప్పందపు గడువు కలదు. ఉద్యోగము నిలుచునో లేదో యను బెంగ కలదు. కాని వీధిలో నడచుటకు అధికారమక్కరలేదు. ఆ ఊరి అంగడిలో కూరగాయల పేర్లు ఆ భాషలో అడిగి తెలిసికొనుటకు జీతముతో పని లేదు. నేడు పిల్లలచే తమ వీధిని గూర్చి, తమ యేటిని గూర్చి ఆంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయించినచో, రేపు సాయంకాలము ఆ వీధిని చూడబోవుటకు కారణము దొరకును. దారి చూపుటకు పిల్లలే వత్తురు. అప్పుడు గురువు శిష్యుడగును, శిష్యుడు గురువగును. ఆ ఉభయుల నడుమ ఆంగ్లము నిజముగా పనికివచ్చు భాషయగును. పరాయి ఊరిలో ఒంటరితనమునకు మేమెరిగిన మందు ఇదియొక్కటే.

ఈ మందు స్వదేశముననే కొంత సేవించి పోవుట మేలు. నన్నయభట్టు తమ ఊరివాడని తణుకువారు చెప్పుకొందురు. దేవరకొండ బాలగంగాధర తిలక్‌గారు ఇచ్చటివారే. తన ఊరి కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోవునో చెప్పగలవాడు, పరదేశపు పిల్లవానిని "మీ యేరు ఎక్కడ పుట్టినది?" అని అడుగగలడు. తణుకునుండి రాజమహేంద్రవరము దూరమేమియు గాదు. అచ్చట దామెర్ల రామారావు చిత్రశాల కలదు. ప్రయాణమునకు పెట్టె సర్దుకొనుటకు ముందు ఒక్క పూట అచ్చటికి పోయి, ఆ చిత్రములయెదుట నిలువుడు. పరదేశపు ఉపాధ్యాయుడొకడు మన ఊరిని ప్రేమతో చూచినందువలన మనకు మిగిలిన ఫలము ఎట్టిదో కన్నులార చూడవచ్చును.