ములుగు యూనివర్సిటీకి ముందు ఏ ఆటలు?

  

పిల్లలూ, మాకిచ్చిన అంశం గిరిజన యువత, క్రీడలు. దీని మీద మామూలుగా చెప్పే మాటలు మీరు చాలా సభల్లో విన్నారు. పరుగు మన రక్తంలో ఉందంటారు, విల్లు మన ప్రాణమంటారు, చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. మేం హాస్టల్ వార్డెన్లం. నెలనెలా సరుకుల ఇండెంట్ రాయడం మాకు అలవాటు. అందుకని ఒక్క ప్రశ్నే తీసుకుని ఇండెంట్ లెక్కన మాట్లాడతాం: ములుగులో వచ్చిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ముందుగా ఏ ఆటల జట్లు తయారు చేయాలి?

ఈ యూనివర్సిటీ 2014 విభజన చట్టంలో రాసిన హామీ. దాని చట్టం 2023 డిసెంబరులో గానీ కాలేదు. కేంద్రం రూ.889.07 కోట్లు ఇస్తామంది. 2024లో జాకారంలో తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి. అంటే ఇంకా పసిబిడ్డ. ఇప్పుడే గ్రౌండ్ అడగాలి. అన్నీ కట్టాక అడిగితే పార్కింగ్ వెనక మిగిలిన ముక్క చూపిస్తారు.

చిక్కడపల్లిలో కూర్చుని ములుగు సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. మీలో చాలామంది పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ మీద బ్యాగు పెట్టి వచ్చినవాళ్లే. మిగతావాళ్లు అశోక్‌నగర్ స్టడీ హాళ్లవాళ్లు, నారాయణగూడ కాలేజీలవాళ్లు. చేతులెత్తండి, గురుకులంలో ఉన్నప్పుడు జిల్లా స్థాయి దాకా ఆడినవాళ్లు ఎంతమంది? చూశారా. ఇప్పుడు వారానికి ఒక్కసారైనా ఆడుతున్నవాళ్లు? చేతులన్నీ దిగిపోయాయి.

మా హాస్టల్లో ఒక అమ్మాయి ఉంది. ఉట్నూరు వైపు గోండు పిల్ల. స్కూల్లో ఖోఖో రాష్ట్ర స్థాయి దాకా వెళ్లింది. ఆ సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకుంది. డిగ్రీకి చేరిన కాలేజీలో అమ్మాయిల జట్టే లేదు. ఆడతానంటే, ఫీజు కట్టిన కాగితం చూపించి క్లాసుకు పొమ్మన్నారట. మూడేళ్లు అలాగే గడిచాయి. ఇప్పుడు గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది.

ఆ మూడేళ్ల ఖరీదు చెప్తాం వినండి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కేంద్ర ఉద్యోగాల్లోనూ క్రీడల కోటా ఉంది. అక్కడ ముందు వరుస దేశం తరఫున ఆడినవాళ్లది, తర్వాత జాతీయ పోటీలవాళ్లది, ఆ తర్వాత యూనివర్సిటీల మధ్య పోటీల్లో పతకం తెచ్చినవాళ్లది. స్కూలు ఆటలు వాళ్ల తర్వాతే. యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకు ఫారం-3 అని ఒక కాగితం ఉంటుంది, దాని మీద సంతకం చేసేది యూనివర్సిటీ క్రీడాధికారి. జట్టే లేకపోతే సంతకం ఎక్కడిది? మన పిల్లలు స్కూల్లో మెట్టెక్కుతారు, డిగ్రీలో మెట్టు మాయమవుతుంది. అందుకే ఏ ఆట పెట్టినా అది భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే పోటీల్లో ఉందా, కోటా జాబితాలో ఉందా అని ముందు చూడమంటాం. జాబితాలు మారుతుంటాయి కూడా. 2020లో కేంద్రం తన జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచింది.

మాకు జైపాల్ సింగ్ ముండా గుర్తొస్తారు. ఇప్పటి జార్ఖండ్‌లోని ముండా పల్లెలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ హాకీలో బ్లూ, అంటే ఆ యూనివర్సిటీ తన ఆటగాళ్లకిచ్చే పెద్ద గుర్తింపు, సంపాదించారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు మన జట్టు కెప్టెన్‌గా వెళ్లారు. ఆ జట్టు బంగారు పతకం తెచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున మాట్లాడింది కూడా ఆయనే. ఆయన చదివిన చోట హాకీ జట్టు లేకపోయుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

సరే, ఇండెంట్‌కి వద్దాం. మొదటి పేరు విలువిద్య. "మేడమ్ కూడా చివరికి అదే చెప్పారు" అని నవ్వకండి, మా కారణం వేరు. ఈ హాల్లో ఎంతమంది విల్లు పట్టారు? మా హాస్టల్ పిల్లల్లో చాలామంది దాన్ని క్యాలెండర్లో కొమురం భీం బొమ్మ పక్కనో, జాతరలోనో చూసినవాళ్లే. కాబట్టి రక్తం కబురు వదిలేద్దాం. విలువిద్యకు చిన్న స్థలం చాలు, అమ్మాయిలు అబ్బాయిలు ఒకే గ్రౌండ్‌లో నేర్చుకోవచ్చు. ఇండియన్ రౌండ్ అనే విభాగంలో వెదురు విల్లుతో 30, 50 మీటర్ల నుంచి వేస్తారు, ఖర్చు తక్కువ. అక్కడ నిలదొక్కుకున్నవాళ్లకు రికర్వ్, కాంపౌండ్ విల్లులు కొనివ్వాలి. అవి లక్షల్లో ఉంటాయి, యూనివర్సిటీయే కొనాలి. కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో వస్తోంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్‌లోనే. తెలుగులో నేర్పే కోచ్‌లు మనకు పక్కనే ఉన్నారన్నమాట.

కోచ్ అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబారామ్ కథ మీకు తెలిసే ఉంటుంది. అడవిలో పిట్టల్ని కొట్టిన పిల్లాడు ఒలింపిక్స్‌కు వెళ్లాడని చెప్తారు. మధ్యలో జరిగింది వదిలేస్తారు. 1987లో క్రీడా ప్రాధికార సంస్థవాళ్లు పల్లెకు వెళ్లి ఎంపికలు పెట్టారు, ఢిల్లీ తీసుకుపోయి శిబిరంలో ఉంచి, విల్లు ఇచ్చి, శిక్షకుణ్ని ఇచ్చారు. మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 1992, 1996లోనూ ఆడాడు. ఆ శిబిరం లేకపోతే ఆ పిట్టల దగ్గరే ఆగిపోయేవాడు. కాబట్టి జాకారంలో విల్లు కొనకముందే పటియాలాలో డిప్లొమా చేసిన కోచ్ కొలువు ఒకటి అడగాలి. మూడు నెలల కాంట్రాక్టు కోచ్ వద్దే వద్దు.

రెండోది దూరపు పరుగు, క్రాస్ కంట్రీతో కలిపి. దీనికి ములుగు దారులే గ్రౌండ్. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు. దానికోసం మా పిల్లలు ఇందిరా పార్కులో వాకర్ల మధ్య సందు చూసుకుని పరిగెత్తారు. రోజూ సాధన ఉన్న పిల్లకు అది ఆటలో లెక్క.

మూడోది అమ్మాయిల ఫుట్‌బాల్. నిజామాబాద్ జిల్లా లంబాడీ బిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌కు ఈ ఆట కొత్తదీ కాదు. ఇక్కడికి దగ్గరే కాచిగూడ బడిలో పాఠాలు చెప్పిన రహీం సారు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన జట్లకు కోచ్. ఉస్మానియాలో చదివిన టీచరు. బీఎడ్ చేసినవాళ్లం కదా, ఆ మాట చెప్పుకోవడం మాకు ఇష్టం.

ఖోఖో, కబడ్డీ మన పిల్లలకు వచ్చినవే, ఎవరూ అడగకపోయినా అవి వస్తాయి. క్రికెట్ గురించి మాట్లాడం. దానికి గ్రౌండ్ ఇస్తే మిగతా అందరూ బౌండరీ బయట నిలబడాలి.

ఇంకో సంగతి, మగవాళ్లు సర్దుకుని వినండి. అమ్మాయిల జట్టు అంటే జెర్సీ ఇస్తే అయిపోదు. సాయంత్రం ఆరుకు హాస్టల్ గేటు మూస్తే ప్రాక్టీసు ఎప్పుడు? గ్రౌండ్ పక్కన తలుపున్న, నీళ్లున్న టాయిలెట్ లేకపోతే నెలలో ఐదు రోజులు ఆ పిల్ల రాదు. పరిగెత్తే పిల్లకు మామూలు మెస్సు లెక్కలో గుడ్డు సరిపోదు. ఈ మూడూ వార్డెన్ చేతిలో ఉన్నాయని అందరూ అనుకుంటారు. మా చేతిలో ఉన్నది తాళం చెవి ఒక్కటే. టైమింగు మార్చే కాగితం, డైట్ పెంచే కాగితం పైనుంచి రావాలి. ఆటల బడ్జెట్‌లోనే ఇవి రాయించమని మా విన్నపం.

విజయనగరం వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. మీ దగ్గర 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఈ అర్జీనే పేరు మార్చి మీరూ పెట్టండి.

అర్జీ బయట వరండాలో టేబుల్ మీద ఉంది. సంతకం ఒక్కటే పెట్టి వెళ్లకండి. పేరు పక్కన మూడు గళ్లు గీశాం: మీరు ఆడిన ఆట, ఆఖరిసారి ఆడిన సంవత్సరం, ఎందుకు ఆపారు. మూడో గడి వెడల్పుగా ఉంచాం. పెన్నులూ అక్కడే ఉన్నాయి.