గజ్జె కట్టిన గుమాస్తా

(త్రిపురారంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఉద్యోగి – కళ' అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఈ అంశం మీద మాట్లాడేటప్పుడు ముందుగా తలచుకోవలసినవాడు మన పొరుగునే ఉన్న నేలకొండపల్లి వాడు, కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీలుదారు. సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో కూర్చుని పాటలు కట్టి రామదాసు అయ్యాడు. ఆడిట్ అభ్యంతరానికి ఇంత మంచి ఫలితం వచ్చిన సందర్భం మరొకటి లేదని రెవెన్యూ మిత్రులు ఒప్పుకుంటారు. తన పాట తానే రాసి, తానే వరస కట్టి, తానే పాడేవాణ్ణి మనం వాగ్గేయకారుడు అన్నాం. ఇప్పటి పిల్లలు 'సింగర్ సాంగ్‌రైటర్' అంటున్నారు. అందులోనూ పెద్ద కంపెనీకి, సినిమాకు కట్టుబడకుండా సొంతంగా పాడుకునేవాణ్ణి 'ఇండీ' అంటారట. ఇండిపెండెంట్ అన్న మాటకు అది పొట్టి పేరు. గిటారు, డ్రమ్ము ఉంటే అది ఇండీ రాక్. అమెరికాలో గిటారు భుజాన వేసుకుని సొంత పాటలు పాడిన బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన దగ్గర గిటారు లేదు, దప్పు ఉంది. ఆ దప్పుతోనే ఒక జీవితకాలం నడిచినవాడు గద్దర్. ఆయన రాజకీయం గురించి చెప్పడానికి నేను రాలేదు. ఆ రాజకీయంతో నాకు చాలా పేచీలున్నాయి, ఈ సభలో ఇంకా పెద్ద పేచీలున్నవారూ ఉన్నారని తెలుసు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి చివరిదాకా లెక్కలు చూసుకున్నవాణ్ణి. ఒక బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వదిలి పాట పట్టుకుంటే ఆ ఖాతాలో ఏ పద్దు ఎవరి పేర పడింది అన్నదే నా ముచ్చట.

అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్. కూలి చేసుకునే దళిత కుటుంబం. ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో మానేశాడు. బుర్రకథ దళం కట్టి కుటుంబ నియంత్రణ లాంటి సర్కారు ప్రచారాలు చేశాడంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో బి.నర్సింగరావు గారి ఆర్ట్ లవర్స్ బృందం కంట పడ్డాడు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. తొలి పాటల్లో ఒకటి రిక్షా తొక్కేవాడి మీద. తొలి పాటల పుస్తకానికి, 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ జ్ఞాపకంగా 'గద్దర్' అని పేరు పెట్టారు. జనం ఆ పుస్తకం పేరుతోనే మనిషిని పిలవడం మొదలుపెట్టారు. సొంత పేరు ఆఫీసు రికార్డులకే మిగిలింది.

ఆఫీసు అంటున్నాను కదా, 1975లో ఆయన కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. భార్య విమల. పిల్లలు సూర్యుడు, చంద్రుడు, వెన్నెల. పగలు లెడ్జరు, సాయంత్రం పాట. 1979 నాటి 'మా భూమి' సినిమాలో గొంగడి భుజాన వేసుకుని ఆయన పాడిన బండెనక బండి పాట గుర్తులేనివారు ఇక్కడ ఉండరు. అది ఆయన రాసింది కాదు. సూర్యాపేట ప్రాంతపు దొర మీద సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. అదే సినిమాలో సంధ్య పాడిన పల్లెటూరి పిల్లగాడి పాట సుద్దాల హనుమంతు గారిది. ఇద్దరూ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్ళే. ముప్పై ఏళ్ళ కింద మన చేల గట్ల మీద పుట్టిన పాటలను రాష్ట్రమంతా మళ్ళీ విన్నది. యాదగిరి పేరు మాత్రం చాలామందికి తెలియలేదు. పాట రాసినవాడి పేరు పాడినవాడి పేరు కింద మునిగిపోవడం మనకు పాత అలవాటు.

పాట కట్టే పద్ధతి గురించి రెండు మాటలు. గోచి పంచె, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. ఒకరు ముందు పాడితే ఇద్దరు వంత పాడతారు. ఆ వంత అలంకారానికి కాదు. మైకు లేని చోట ముందుపాటగాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది, మొదటిసారి వింటున్నవాడికి పల్లవి పట్టుబడేలా చేస్తుంది. నాలుగోసారి వచ్చేసరికి ఊరే వంత పాడుతుంది. వరసలు కొత్తవి కావు. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగవతం, నాట్లు వేసేటప్పటి పాట. అమ్మ పాటల నుంచే నేర్చానని ఆయన చెప్పుకునేవాడు. భుజాన గొంగడి ఒక క్షణంలో చంటిబిడ్డ, మరుక్షణంలో శవం మీది బట్ట. చూసేవాడికి ఇంకో రంగాలంకరణ అక్కర్లేదు.

ఇక లెక్క. 1984లో ఆయన రాజీనామా చేశాడు. తొమ్మిదేళ్ళ సర్వీసు. మన సభ్యుల్లో బ్యాంకు వారికి దీని అర్థం విడమరిచి చెప్పనవసరం లేదు, మిగతావారి కోసం చెబుతాను. 1984 నాటికి మా బ్యాంకుల్లో పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీయే. పింఛను నిబంధనలు 1995లో వచ్చాయి. 1986 జనవరి 1 తరువాత రిటైరైనవారికి వర్తించాయి. బ్యాంకు వాటా ఫండును వడ్డీతో సహా తిరిగి కట్టి చాలామందిమి అందులో చేరాం. ఆ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: రాజీనామా చేసినవాడి గత సర్వీసంతా రద్దు. పదేళ్ళ కనీస సర్వీసు అన్న షరతు వేరే. అంటే పాట కోసం కుర్చీ వదిలినవాడికి ఏ వైపు నుంచి చూసినా సున్నా. ఆ సున్నా పడింది ఆయన ఒక్కడి పేరు మీద కాదు. 1985లో కారంచేడు ఘటన తరువాత పోలీసుల దాడులు పెరిగి ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళాడు. సుమారు అయిదేళ్ళు ముగ్గురు పిల్లల ఇల్లు నడిపింది విమల గారు. గద్దర్ గురించి రాసిన వ్యాసాల్లో గజ్జెల గురించి పేజీలు, ఆమె గురించి ఒక వాక్యం ఉంటుంది. మన ఇళ్ళలోనూ పదవీ విరమణ సన్మానాల్లో శాలువా ఎవరికి కప్పుతామో ఆలోచించండి.

1990లో బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. ఆ డబ్బు పాటగాడి ఇంటికి చేరే ఏర్పాటు కాదది, ఉద్యమానిది. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాకు ఆయన రాసిన అన్నాచెల్లెళ్ళ పాటకు నంది అవార్డు ఇస్తే వద్దన్నాడు. 1997 ఏప్రిల్ 6న గుర్తు తెలియని వ్యక్తులు ఇంటికొచ్చి కాల్చారు. బతికాడు గాని, ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ఇంకా ఇరవై ఆరేళ్ళు ఆ తూటాతోనే ఎగిరి పాడాడు. 2003లో కొడుకు చంద్రుణ్ణి పోగొట్టుకున్నాడు.

తరువాతి కాలం త్వరగా చెబుతాను, మీ అందరికీ తెలిసిందే. తెలంగాణ ఉద్యమంలో 'పొడుస్తున్న పొద్దు మీద' ప్రతి ధర్నాలోనూ మోగింది. ఉద్యోగ సంఘాల వాళ్ళం మనమూ అక్కడ ఉన్నాం. ఆ పాట పాడినందుకు 'జై బోలో తెలంగాణ' సినిమాకు 2011 నంది ఆయనకే వచ్చింది. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023 ఆగస్టు 6న గుండె ఆపరేషను తరువాత కన్నుమూశాడు. అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి బడి ఆవరణలో అధికార లాంఛనాలతో ఖననం చేశారు. నందిని కాదన్న మనిషి పేరుతోనే రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులు పెట్టి 2025లో మొదటిసారి ఇచ్చింది. బతికుంటే ఏమనేవాడో!

ఇటీవల మన సభ్యుడొకరు నన్ను పక్కకు పిలిచి, "మనవడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం మానేసి బ్యాండు పెడతానంటున్నాడు, మీరు బ్యాంకు మనిషి కదా, ఇందులో బతుకుందా?" అని అడిగారు. ఉందని గానీ లేదని గానీ నేను చెప్పలేదు. కొన్నేళ్ళ కింద 'చౌరస్తా' అనే తెలుగు బ్యాండు ఊరికి వెళ్ళిపోతానంటూ ఒక పాట యూట్యూబులో పెట్టింది. గిటారుకు పల్లె వరస కలిపిన పాట. దుబాయిలో ఉన్నవాళ్ళూ అమెరికాలో ఉన్నవాళ్ళూ విని కళ్ళు తుడుచుకున్నారు. అందులో పాడిన రామ్ మిరియాల తరువాత 2021లో 'జాతిరత్నాలు'లో పాడాడు, 2022లో 'డీజే టిల్లు'కు సొంతంగా వరస కట్టి పాడాడు, 2023లో 'బలగం'లో ఊరి పాట పాడాడు. సొంత పాటతో పేరు వచ్చింది, పొయ్యి మీదికి ఎసరు సినిమా నుంచి వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. సుద్దాల హనుమంతు గారి కుమారుడు అశోక్‌తేజ గారు కూడా బడిపంతులుగా జీతం తీసుకుంటూ పాట రాసి, నిలదొక్కుకున్నాక సినిమాకు వెళ్ళారు. 'ఠాగూర్' పాటకు జాతీయ అవార్డు తెచ్చారు. తండ్రి తరానికి లేని ఆసరా అది.

మనవడికి చెప్పవలసింది ఒకటుందని మాత్రం ఆ పెద్దమనిషికి చెప్పాను. పాటకు కూడా కుటుంబ పింఛను ఉంది. రాసినవాడు, వరస కట్టినవాడు బతికినంత కాలం, పోయిన తరువాత మరో 60 ఏళ్ళు కాపీరైటు వారసులది. గద్దర్ సొంత రచనలకు 2083 చివరి దాకా, హనుమంతు గారు 1982లో పోయారు కనుక ఆయన పాటలకు 2042 చివరి దాకా. 2012లో చట్టం సవరించారు. సినిమాకు పాట అమ్మినా, సినిమా హాలు బయట ఆ పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకూ సంగీతకర్తకూ వాటా ఉంటుంది. దాన్ని నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. వారసులకు ఇవ్వవచ్చు, వసూలు కోసం కాపీరైటు సొసైటీకి ఇవ్వవచ్చు, అంతే. ఐ.పి.ఆర్.ఎస్. అనే సొసైటీ 1969 నుంచి ఉంది. పాడినవాడూ రాసినవాడూ వరస కట్టినవాడూ ఒకడే అయితే మూడు పద్దులూ ఒకే ఇంటికి వస్తాయి.

కాబట్టి పిల్లలు బ్యాండు పెట్టినా, యూట్యూబులో పెట్టినా, కంపెనీ వాడు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నప్పుడు ముందు ఆ కాగితాన్ని మన దగ్గరికి తెమ్మనండి. ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళలో చిన్న అక్షరాలు చదివిన కళ్ళు మనవి. సొసైటీలో సభ్యత్వం తీసుకునేటప్పుడు నామినీ కాలం ఖాళీగా వదలవద్దని కూడా చెప్పండి. మన జీవన ప్రమాణ పత్రం సంగతి వచ్చే అంశంలో ట్రెజరీ వారు మాట్లాడతారు. నాకు ఇచ్చిన సమయం దాటింది. సెలవు.