నేర్చుకొనే బిడ్డకు భత్యము



ఈ నూరేండ్ల పండుగలో పెద్దలు కట్టిన గుడులను, బడులను తలంచుకొనుట న్యాయమే. అయితే రాబోవు కాలపు బిడ్డల బ్రతుకుతెరువును గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పదవ తరగతి పరీక్షలు కాగానే మన బిడ్డలలో అనేకులు కూలికి పోతారు. ఆ సెలవులలోనే పర్యావరణ శాస్త్రమును గూర్చి ఉచిత శిక్షణ పెట్టితే ఎవరు వస్తారు? కూలి అవసరం లేని ఇంటి పిల్లలే. ఫీజు తీసివేయుట మంచిదే గాని, పోయిన కూలి మాట ఏమిటి?

ఈ చిక్కును ఇతర దేశాలవారు ఎరుగుదురు. 1933లో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ యువకులను అడవులు పెంచే పనిలో పెట్టింది. నెలకు 30 డాలర్లు ఇచ్చి, అందులో సుమారు 25 డాలర్లు ఇంటికి పంపించింది. 1970లో 15 నుండి 18 ఏండ్ల వారికొరకు మరియొక పథకమును చట్టముగా చేసింది. మన దేశంలోను 1961 నాటి అప్రెంటిస్ చట్టం నేర్చుకొనేవానికి భత్యము ఉండాలని చెప్పుచున్నది. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ హరిత నైపుణ్య శిక్షణలు ప్రారంభించినది.

ఇక మన చుట్టు చూడండి. 1977 నవంబరు ఉప్పెనను చూచినవారు మనలో ఉన్నారు. నిజాంపట్నం వైపు మడ అడవులు అలల ఉధృతిని తగ్గించే గోడలు. సూర్యలంక తీరానికి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు వస్తాయి. తెనాలి కాలువలలో గుర్రపుడెక్క, రేపల్లె బావులలో ఉప్పు మనకు కొత్త కావు. వీటిని కొలిచేవారు, కాచేవారు కావలెను. ఇవి చదువుతో కూడిన ఉద్యోగములు. పదవ తరగతి తరువాత రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా ఉన్నది. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. దారి దగ్గరలోనే ఉన్నది గాని, దాని మొదటి మెట్టు మన బిడ్డలకు ఎవరును చూపలేదు.

కాబట్టి నా మనవి ఇది. ప్రతి పాస్టరేటు కోతకాలపు పండుగ కానుకలలో కొంత ప్రత్యేకించి, పదిహేనేండ్లు నిండిన కొందరు బిడ్డలకు వేసవిలో ఒక నెల భత్యము ఇవ్వవలెను. ఆడబిడ్డలకును సమాన భాగముండవలెను. ప్రొద్దుటి పూట మాత్రమే, అపాయము లేని పని: ఊరి బావులలో ఉప్పు ఎంతో కొలిచి వ్రాయుట, మడ నారుమడి చూచుట, కళాశాల పొలములకు పోయి అక్కడివారిని ప్రశ్నలడుగుట. వారు వ్రాసిన లెక్కలు పంచాయతీకి కూడ పనికివచ్చును.

ఇది ధర్మము కాదు, కూలి. పనివాడు జీతమునకు పాత్రుడని మనమే బోధిస్తున్నాము గదా. నేర్చుకొనే బిడ్డకు అది వర్తించదా?

పెద్దలు మనకు బడులు కట్టి ఇచ్చారు. ఆ బడి దాటిన బిడ్డకు ఒక నెల కూలి మనము ఇవ్వలేమా? రాబోవు పాస్టరేటు కమిటీలో దీనిని ఆలోచించుడి.