ధనుర్వాతము – కణములోని చిన్న సంచి



దేహమును ఎక్కుపెట్టిన వింటివలె వంచునది గావున ఆ వ్యాధికి ధనుర్వాతమని పేరు. వంగుట అందఱకు కనబడును. మూలము మాత్రము కంటికందనంత సూక్ష్మము.

నరముల కొనలయందు సందేశద్రవ్యము నిండిన మిక్కిలి చిన్న సంచులు గలవు. ప్రతి సంచిపైని సినాప్టోబ్రెవిన్ అను మాంసకృత్తు ఉండును. అది నరపు పైపొరయందలి మఱి రెండు మాంసకృత్తులతో త్రాటిపురులవలె పెనగొనగా, సంచి పొరలో కలిసి విచ్చుకొని, ద్రవ్యము వెలికి వచ్చును. కణములలోని యీ రవాణా మర్మమును విప్పిన రాత్‌మన్, షెక్‌మన్, సుడోఫ్ అను మువ్వురకు 2013లో నోబెల్ బహుమానము లభించినది.

మట్టిలోను పేడలోను ఉండు ధనుర్వాతక్రిమి గాయమున జొచ్చి విషమును పుట్టించును. అది వెన్నుపామును చేరి సినాప్టోబ్రెవిన్‌ను త్రెంచునని 1992లో ఇటలీయందలి పాదువా శాస్త్రజ్ఞులు తెలిపిరి. అంతట కండరములను అదుపుచేయు సందేశము ఆగిపోవును. బిగియుమను ఆజ్ఞయే మిగులును. దవడలు బిగియును, వెన్ను వంగును.

నరమును చొచ్చిన విషమునకు విరుగుడు లేదు. తెగినదానికి బదులు క్రొత్తదానిని దేహమే వారములకొలది కూర్చుకొనవలయును. వ్యాధి వచ్చి తగ్గినవానికిని మరల రాదను భరోసా లేదు. టీకాయే రక్షణ.

బాలింతల, పసికందుల ధనుర్వాతము భారతదేశమున నిర్మూలనస్థాయికి వచ్చినట్లు 2015లో ధ్రువపడినది. మట్టిలోని క్రిమి మాత్రము పోలేదు. కావున గర్భిణికి సూదిమందును, బొడ్డుకోయు కత్తికి శుచియును, ముల్లు గ్రుచ్చుకొన్న కాలికి వైద్యుని చూపును ఏ యింటను మఱవరాదు.