మండువా యింటి మేస్త్రితో సంభాషణము

మలికిపురమున మా మండువా లోగిలిని బడగొట్టి డాబా వేయింపదలచి యొక వృద్ధుడగు మేస్త్రిని బిలిపించితిని. నేను మయమతమును బ్రస్తావింపగా నాయన నవ్వి, "పంతులుగారూ, 1996 నవంబరు 6వ తేదీ తుపానున మీ దూలములు కదలెనా?" యని యడిగెను. కదలలేదు, పెంకులు మాత్రము లేచిపోయినవి.

"మా తండ్రి మూడేండ్లు నన్ను సున్నపు గానుగవెంట ద్రిప్పి, పిదపగాని నూలుత్రాడు ముట్టనీయలేదు. నాలుగు చూరుల నీరు మండువాలో బడి తూమున బోవలెను. లోనివేడి యామార్గముననే పైకి బోవలెను. ఇదియే నా విద్య. డాబాలును గట్టితిని. వేసవిరాత్రులందు ఆ యిండ్లవారు వీథిలో బరుండుట చూచి సిగ్గుపడితిని" అనెను.

కూల్చుట మానితిని. చెదపట్టిన వాసములు మార్చుటకు గూలిబేర మింకను తెగలేదు.