పండగ బస్సుల ప్రణాళిక

సంస్థకు లక్ష్యం రాసుకోవడం తేలికే, దాన్ని విభాగాలకు పంచడం దగ్గరే చిక్కంతా. ఆర్టీసీలో సంక్రాంతి రద్దీనే తీసుకోండి. ట్రాఫిక్ విభాగం అదనపు బస్సులు కావాలంటుంది. వాటిని ముందే మరమ్మతు చేసి ఇవ్వాల్సింది గ్యారేజీ. ఇక డ్రైవర్ల సెలవులు... వాళ్లకూ పండగే కదా! పైగా హైదరాబాద్‌లో కిక్కిరిసి బయల్దేరిన కోస్తా స్పెషల్, తిరుగు ప్రయాణంలో దాదాపు ఖాళీగా వస్తుంది. ఆ డీజిల్ ఖర్చు బస్సుల లెక్క వేసేవాళ్లకూ తెలియాలి. అందుకే ఎవరి ప్రణాళిక వాళ్లు రాసి పైకి పంపితే చాలదు. ఎవరికి, ఎవరి నుంచి, ఏ తేదీలోగా ఏం కావాలో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. నా మటుకు, చేసే పనుల జాబితాకన్నా చేయని పనుల జాబితాయే ముఖ్యం. ఉదాహరణకు, పండగ వారంలో విహారయాత్రలకు బస్సులు అద్దెకు ఇవ్వాలా వద్దా అన్నది డిసెంబరులోనే తేలిపోవాలి.