కూడిక ఒకటే, ఏ వరుసకు?



ఈరోజు మేము 'జే' అనే ప్రోగ్రామింగ్ భాషలోని 'ర్యాంక్' గురించి నాలుగు మాటలు చెప్తాం. ఏపీఎల్ భాషకు మూలపురుషుడైన కెన్నెత్ ఐవర్సన్, రోజర్ హుయ్‌తో కలిసి 1990లో దీన్ని తెచ్చారు. అంకెల పట్టికను మొత్తంగా పట్టుకొని పనిచేసే భాష ఇది.

ఒక ఇంట్లో 3 మగ్గాలు ఉన్నాయనుకుందాం. 4 వారాల్లో దిగిన చీరల లెక్క, మగ్గానికొక వరుస:

2 3 2 3
1 2 2 1
3 3 2 4

ఊరికే "కూడు" అంటే జే వరుస మీద వరుస పెట్టి కూడుతుంది: 6 8 6 8. ఇది వారాల లెక్క, నూలు తెప్పించేవారికి కావాలి. "ర్యాంక్ 1తో కూడు" అంటే ఒక్కో వరుసను విడిగా తీసుకుంటుంది: 10 6 12. ఇది మగ్గాల లెక్క, మజూరీ కట్టేవారికి కావాలి. ర్యాంక్ 0 అంటే ఒక్కో అంకెనే తీసుకుంటుంది. ఒంటి అంకెలో కూడేదేముంది? పట్టిక ఉన్నది ఉన్నట్టే తిరిగొస్తుంది.

మన జాకార్డ్ పనిలో ఒక్క బుటాకే గ్రాఫ్ గీస్తాం. పన్నా అంతటా అది ఎన్నిసార్లు పడాలో మగ్గం కట్టు చూసుకుంటుంది. ర్యాంక్ కూడా అంతేనండి. ఫంక్షన్ ఎంత ముక్క మీద పనిచేయాలో మనం చెప్తాం, ముక్కలు ఎన్ని ఉన్నాయో భాష చూసుకుంటుంది. 10 ఇళ్ల పట్టికలు ఒకదానిపై ఒకటి పేర్చినా, ర్యాంక్ 1 కూడిక మగ్గాల లెక్కే ఇస్తుంది.

ఇక మజూరీ సంగతి. మగ్గానికొక రేటు చొప్పున 3 రేట్లతో పట్టికను గుణిస్తే రేటుకొక వరుస సరిపోతుంది. వారానికొక రేటైతే 4 రేట్లు. అప్పుడు గుణకారానికి ర్యాంక్ 1 చెప్పాలి. చెప్పకపోతే 3కు 4 కుదరదని 'లెంగ్త్ ఎర్రర్' చూపి జే ఆగిపోతుంది. ఆగితే మేలే. కానీ 3 మగ్గాలు, 3 వారాలు అయిన రోజున ఏ ఎర్రరూ రాదు. మొదటి వారం రేటు మొదటి మగ్గానికి అన్ని వారాలూ పడుతుంది. అంకెలు చక్కగానే కనిపిస్తాయి, నేసినవాళ్ల చేతికి మాత్రం తప్పు కూలి వస్తుంది.

అందుకే మన పిల్లలకు మేము చెప్పేది ఒకటే. కూడిక వచ్చిందా అని కాదు, ఎవరి వరుసను కూడామో ముందు చూసుకోండి. చిన్న పట్టిక మీద చేత్తో లెక్కేసి, ఆ తర్వాతే పెద్ద లెక్క నడపండి.